గ్యాలరీలోంచి తీసేసిన ఫోటో

హెప్సికీ అచ్యుత్‌కీ పరిచయం తగువుతోనే మొదలైంది. ఆ తగువు కూడా ఎలాంటిదనుకున్నారు, చెవి పక్కన తాళాలు మోగించిన తగువు.

నిరుడు జనవరిలో ఒక శనివారం. నార్తాంప్టన్ వాన సంగతి తెలిసిందేగా, పడీ పడనట్టు పడుతూనే మనిషిని ఎముకలదాకా తడిపేస్తుంది. నీన్‌సైడ్ కాలేజీ జిమ్ములో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచి. ఆ కాలేజీ జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. పెద్దాట మొదలయ్యే ముందు ఊళ్ళో జూనియర్ పిల్లల ఆట ఒకటి పెట్టారు. అందులో హెప్సి చెల్లెలు ఏంజెలినా ఆడుతోంది. హెప్సి ఆసుపత్రిలో నర్సు. ఆ వేళ డ్యూటీ లేదు కాబట్టి చర్చిలో పాటలకు వాయించే ఇత్తడి తాళాలు సంచిలో వేసుకొచ్చి, చెల్లెలు బంతిని బుట్టలో వేసినప్పుడల్లా లేచి నిలబడి టింగుటింగుమని వాయించింది.

ముందు వరసలో కూర్చున్న అబ్బాయి మూడుసార్లు ఓర్చుకున్నాడు. నాలుగోసారి ఉలిక్కిపడి చేతిలో టీ ఒళ్ళో పోసుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి, చేతిలో తాళాలతో ఈ పిల్ల.

"మీరు ఇందాక 'వెయ్యవే, వెయ్యి' అని అరిచినప్పుడే తెలుగువాళ్ళని తెలిసిందిలెండి," అన్నాడు. "కొంచెం పక్కకు జరిగి కొట్టండి. ఈ చెవి పోయింది."

"రెండోది ఉందిగా," అంది హెప్సి. "మా చెల్లెలు ఇంకా పది వేస్తుంది, దాచుకోండి."

అతను కోపం తెచ్చుకుందామనే చూశాడు, పాపం. నవ్వొచ్చేసింది. ప్రొద్దుటూరు అబ్బాయి. ఆఫీసు రెండు వీధుల అవతలే, సాఫ్ట్‌వేరు. శనివారం ఏదో పనిమీద వచ్చి, వాన పడుతుంటే తలదాచుకోవడానికి జిమ్ములో దూరాడు. అనంతపురంలో ఇంజనీరింగు చదివేటప్పుడు తనూ బాస్కెట్‌బాల్ ఆడినవాడే, అందుకే ఆట మధ్యలో లేచి వెళ్ళలేకపోయాడు. ఆ తర్వాతి శనివారం వాన లేదు. అయినా వచ్చాడు.

మార్చి నెలకల్లా చెవుల సంగతి మరిచిపోయి రెండు టీలు తేవడం మొదలుపెట్టాడు. బంతి ఎడమకి పోతే జిమ్ములో అందరి కళ్ళూ ఎడమకి పోయేవి. ఇతని కళ్ళు మాత్రం కాస్త ఆలస్యంగా, హెప్సి మొహం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవి. హెప్సికి అది తెలుసు. తెలిసే, బంతి ఎడమకి పోయినప్పుడల్లా జడ సవరించుకునేది.

తెలుగువాళ్ళు ఒకళ్ళను చూసి ఒకళ్ళు వచ్చి ఎనభై మంది దాకా పోగయ్యారు. అచ్యుత్ వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టి, ఫోటోలు పెట్టడానికి ఒక పేజీ కూడా తెరిచి, రెండిటికీ 'హెరన్స్ తెలుగు గ్యాలరీ' అని పేరు పెట్టాడు. స్టాన్‌మోర్ నించి ఆంజనేయప్రసాద్ అంకుల్ అని ఒక పెద్దాయన గంటకు పైగా కారు నడుపుకుంటూ ప్రతి మ్యాచికీ వచ్చేవారు. ఆయన కూతుళ్ళిద్దరూ ఆటంటే మొహం తిప్పుకునే రకం. ఆ బెంగంతా ఈ జట్టు మీద తీర్చుకునేవారు. జీపీ డాక్టరు దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వెళ్ళినా మెడలో హెరన్స్ నీలం మఫ్లరే.

మే నెలలో ఏంజెలినా హెరన్స్‌కి సెలక్టయింది. జట్టులో చోటుతో పాటు డిగ్రీకి ఫీజు లేదు. తండ్రి జార్జి గారు పోయి ఆరేళ్ళు. తల్లి సుగుణకుమారి గారు కేర్ హోములో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, అన్నాలు పెట్టి ఇద్దరాడపిల్లల్ని ఒడ్డుకి చేర్చిన మనిషి. ఆ ఉత్తరం చేతిలో పెట్టుకుని ఆవిడ ఏడ్చిన ఏడుపు చూస్తే ఎవరికైనా ఏదో చావు కబురనే అనిపించేది.

జూన్‌లో ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారు, చర్చి సంఘంలో ఇరవై మంది, చికెన్ బిర్యానీ. కాలేజీలో పిల్లల్ని ఎంపిక చేసే పెద్దమనిషి గ్రేయమ్ లాకెట్‌ని కూడా పిలిచారు. ఆయన వచ్చి, సోఫా అంచున కూర్చుని, అర్థంకాని ప్రార్థనంతా తల వంచుకుని విన్నాడు. బిర్యానీ తిని చెమటలు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు సుగుణకుమారి గారు పాస్టరు గారికి ఎలా ఇచ్చారో ఆయనకీ అలాగే శాలువా కప్పి, చేతిలో తెల్ల కవరు పెట్టారు. ఆయన 'వెరీ కైండ్' అని జేబులో పెట్టుకున్నాడు. ఫోటో తీసింది అచ్యుత్. పేజీలో పెట్టిందీ అతనే.

ఇక నవంబరు.

ఒక సోమవారం అచ్యుత్ మెసేజి పెట్టాడు. శనివారం మ్యాచి అయ్యాక ఓ పది నిమిషాలు ఉంటారా, ఒక మాట చెప్పాలి, అని. ఆ మాట ఏమిటో హెప్సికి తెలియకనా? డ్యూటీ రోటా మార్పించుకుంది. మామిడిపిందె రంగు కుర్తా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. చూసి ఏంజెలినా, అక్కా, మ్యాచి నాకా నీకా అని ఏడిపించింది.

మంగళవారం ఉదయం వార్త బయటికొచ్చింది. లాకెట్ కొందరు తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ళ పిల్లలకు జట్టులో చోట్లు ఇచ్చాడట. కాలేజీ అతన్ని పక్కన పెట్టి విచారణ వేసింది.

అభిమానులంటే మామూలుగా ఓడిపోతే ఏడుస్తారు. ఇది ఓటమి కాదుగా, ఎలా ఏడవాలో ఎవరికీ తెలియలేదు. ఇరవయ్యేళ్ళుగా మొదటి వరసలో కూర్చునే తెల్లావిడ ఒకావిడ, తన సీజన్ టికెట్ కాలేజీ రిసెప్షన్లో పడేసి వెళ్ళిపోయిందట. ఆంజనేయప్రసాద్ అంకుల్ మఫ్లర్ తీసి పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో ఇచ్చేశారు, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తన మఫ్లర్ తనే కొనుక్కొచ్చారు. గ్రూపులో మెసేజిలు పుట్టలోంచి చీమల్లా వచ్చిపడ్డాయి. అన్నిటికన్నా పొడుగ్గా రాసింది అచ్యుత్.

'తీసుకున్నవాడి కన్నా ఇచ్చినవాళ్ళది పెద్ద తప్పు,' అని రాశాడు. 'కౌన్సిల్ గ్రౌండులో చలిలో ప్రాక్టీసు చేసిన ఏదో ఒక పిల్ల చోటు వీళ్ళు కొనుక్కున్నారు. కవరు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ బయటికి రావాల.'

హెప్సి అది వార్డులో టీ బ్రేకులో చదివింది. కవరు అన్న మాట దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

"అమ్మా, జూన్‌లో లాకెట్ గారికి కవరిచ్చావు గుర్తుందా?"

"గుర్తులేకేం. పాస్టరు గారికీ ఆయనకీ సమానంగా పెట్టాను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చెయ్యలేదు."

"దాన్ని ఇప్పుడు లంచమంటారమ్మా."

సుగుణకుమారి గారు కత్తి పక్కన పెట్టారు. "ప్రార్థనకొచ్చిన మనిషికి దేవుని పేరిట కానుక ఇస్తే లంచమా? అయితే పాస్టరు గారిని కూడా పట్టుకుపొమ్మను."

ఆవిడ మాటల్లో అబద్ధం లేదు. సంఘంలో ఎవర్ని అడిగినా అదే చెప్తారు. వాళ్ళెవరికీ ఆ కవరు గుర్తు కూడా లేదు, గుర్తుండాల్సిన సంగతని అనుకోనూ లేదు. కానీ కాలేజీ వాళ్ళకి కృతజ్ఞత కూడిక అంటే ఏం తెలుసు? వాళ్ళు పెట్టిన నోటీసులో ఒకటే ముక్క. లాకెట్‌కి ఏ రూపంలో ఏమి ఇచ్చినా, పై వారం శుక్రవారం సాయంత్రం ఐదులోపు తమంతట తాము వచ్చి చెప్పాలి. చెప్పకుండా తర్వాత బయటపడితే ఆ పిల్ల చోటు పోతుంది.

చెప్తే మాత్రం ఉంటుందని ఎక్కడా రాయలేదు. హెప్సి ఆ నోటీసు పదిసార్లు చదివింది. ఉంటుందని ఎక్కడా లేదు.

ఏంజెలినాకి ఏమీ తెలియదు. ఆ పిల్ల రోజూ ప్రాక్టీసుకి పోయొచ్చి, ఆ డబ్బులిచ్చినవాళ్ళు ఎవరో, వాళ్ళ మొహం చూడాలని ఉందని తిడుతూ టోస్టు తింటోంది.

ఉన్నది ఒకటే ఆధారం, ఆ ఫోటో. శాలువా, కవరు, నవ్వుతున్న లాకెట్, పక్కనే అమ్మ. గురువారం మధ్యాహ్నం హెప్సి డ్యూటీ నించి సరాసరి కాలేజీ ఎదురు కెఫేకి వెళ్ళి అచ్యుత్‌ని పిలిపించింది. అతను ఆఫీసు కార్డు మెళ్ళో వేలాడుతుండగానే పరుగున వచ్చాడు. శనివారం దాకా ఆగలేకపోయిందని మురిసిపోయాడేమో కూడా.

జూన్ ఆల్బమ్‌లో అమ్మ శాలువా కప్పే ఫోటో ఉంది, అది తీసేస్తారా, అని అడిగింది. చెప్పేటప్పుడు అతని మొహం చూడలేదు. చక్కెర పొట్లం చింపుతూ కూర్చుంది.

"ఆ ఫోటోలో వెనకాల మీరు కళ్ళు మూసుకుని, నోట్లో బిర్యానీ పెట్టుకుని ఉన్నారు. అందుకేనా?" అని నవ్వాడు అచ్యుత్. "నేనైతే ఆ ఫోటో చూసి చాలాసార్లు ఆకలి మరిచిపోయినా."

హెప్సి నవ్వింది. కాదనలేదు. అతను అక్కడే, ఆమె కళ్ళముందే, ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఫోటో తీసేశాడు. అయిపోయింది, అని ఫోను బల్లమీద పెట్టాడు.

భారం తగ్గాలి కదా? తగ్గలేదు. బస్సులో కూర్చున్నాక పెరిగింది. కవరిచ్చినవాళ్ళ పేర్లు బయటికి రావాలన్న మనిషి చేతే కవరు దాచిపెట్టించింది. అతను నవ్వుతూ దాచిపెట్టాడు, ఏం దాస్తున్నాడో తెలియకుండానే.

మర్నాడు వార్డులో డాబ్స్ అనే ముసలాయనకి కట్టు మారుస్తుంటే, ఆయన పేపరు మడుస్తూ, ఆ తల్లిదండ్రులకు సిగ్గుండాలమ్మా అన్నాడు. ఆయనా హెరన్స్ అభిమానే, మంచం పక్కన జట్టు ఫోటో కూడా పెట్టుకున్నాడు. అందులో చివర నిలబడ్డ ఏంజెలినాని చూపించి, ఈ కొత్త పిల్ల ఆట చూశావా, బంగారం, ఇలాంటివాళ్ళకి అన్యాయం జరిగింది అన్నాడు. హెప్సి కట్టు మీద ప్లాస్టరు రెండుసార్లు వంకరగా అంటించింది.

శనివారం మ్యాచిలో మొదటి ఐదు నిమిషాలు జనమంతా కోర్టుకి వీపు తిప్పి నిలబడ్డారు. కాలేజీ మీద నిరసనట. బంతి నేలమీద కొట్టుకునే చప్పుడు, పిల్లల బూట్ల కీచులు తప్ప ఇంకే చప్పుడూ లేదు. కింద పిల్లలు ఏం చెయ్యాలో తెలియక ఆడుతున్నారు. హెప్సి కూడా అందరితో పాటు వీపు తిప్పింది. తిప్పకపోతే ఎవరైనా అనుమానిస్తారేమోనని. చెల్లెలి ఆటకి వీపు తిప్పి నిలబడ్డ ఆ ఐదు నిమిషాలు హెప్సికి ఐదేళ్ళయ్యాయి.

సగం ఆటలో ఆంజనేయప్రసాద్ అంకుల్ లేచారు. లాకెట్ ఉన్న ఫోటోలన్నీ పోగుచేసి కాలేజీకి ఇద్దామని ఆయన పేజీ మొత్తం వెతికారట. జూన్‌లో కూడికకి రాలేకపోయిన బాధకి ఆ ఫోటోలు పదేపదే చూసుకునేవారు ఆయన, పద్నాలుగు ఉండాలి, పదమూడే ఉన్నాయి. పోయింది ఏదో గుర్తు రావడం లేదు, బిర్యానీ గిన్నె ఫోటో మాత్రం భద్రంగానే ఉందన్నారు. ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది, అందరూ అచ్యుత్ వైపు తిరిగారు.

"నేనే తీసేసినా," అన్నాడు అచ్యుత్. "ఒకరు అడిగితే తీసినా."

ఎవరని అడిగారు. చెప్పనన్నాడు. అందులో ఏముందని అడిగారు. దానికీ తల అడ్డంగా ఊపాడు. ఇన్ని నీతులు రాసినవాడివి నువ్వే దాస్తే ఎలా బాబూ అని అంకుల్ బాధగానే అడిగారు. వెనక వరసలో ఎవరో మాత్రం, అడ్మిన్‌కి కూడా కవరు ముట్టినట్టుంది, అన్నారు. అచ్యుత్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న రెండు టీలూ బెంచీ మీద పెట్టేసి ఒక్కడే బయటికి వెళ్ళిపోయాడు.

చెప్తానన్న మాట ఆ శనివారం చెప్పలేదు. మామిడిపిందె రంగు కుర్తాలో హెప్సి జిమ్ము మెట్లమీద కాసేపు నిలబడి, వానలో ఇంటికి నడిచి వెళ్ళింది.

ఆ వారమంతా అతను గ్రూపులో మాట్లాడలేదు. అడ్మిన్‌గా ఉండనని అంకుల్‌కి అప్పగించేశాడు. ఎవరో కాలేజీకి ఫిర్యాదు చేస్తే, శుక్రవారం నాలుగింటికి వచ్చి సంజాయిషీ ఇమ్మని అతన్నీ పిలిచారని తెలిసింది. హెప్సి ఫోను తీసి 'సారీ' అని రాసేది, కొట్టేసేది. వేళ్ళు నొప్పి పుట్టేంత రాసింది, కొట్టేసింది. చెప్తే చెల్లెలి చదువు పోవచ్చు. చెప్పకపోతే అతని పరువు పోతుంది, రేపు ఎప్పుడో ఈ సంగతి బయటపడితే చదువూ పోతుంది. తూకం వేసి వేసి తల తిరిగింది ఆ పిల్లకి.

శుక్రవారం పొద్దున ఏంజెలినా టోస్టు మీద జామ్ రాసుకుంటుంటే, హెప్సి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది. కవరు, ఫోటో, తీయించడం, అన్నీ.

ఏంజెలినా కత్తి పట్టుకునే ఉండిపోయింది. "సో, నేను అందువల్లే సెలక్టయ్యానా?"

"కాదు. సెలక్షన్ మేలో అయింది. కవరు జూన్‌లో."

"హౌ డూ యూ నో, అక్కా? ఆయన ముందే ఎక్స్‌పెక్ట్ చేసుంటే?"

హెప్సిదీ అదే అనుమానం. అదే అసలు భయం. చోటు పోవడం సరే, ఆ చోటు ఎప్పుడూ తనది కాదేమోనని ఆ పిల్లకి పుట్టే అనుమానం ఎవరు తీసేస్తారు? ఏంజెలినా టోస్టు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. ఏడుస్తోందేమోనని వెళ్ళి చూస్తే బూట్లు కట్టుకుంటోంది.

"వెళ్దాం. దాచిపెట్టి ఆడను నేను," అంది. "అమ్మని కూడా రమ్మను."

నాలుగు కావస్తుండగా కాలేజీ ఆఫీసుకి వెళ్ళేసరికి, కారిడార్లో బెంచీ మీద అచ్యుత్ ఒక్కడే కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకున్న మొహం, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా. తల్లినీ చెల్లెల్నీ అవతల కూర్చోబెట్టి హెప్సి అతని దగ్గరికి వెళ్ళింది.

"ఆ ఫోటోలో నా కళ్ళ కోసం తీయించలేదు అచ్యుత్ గారూ. మా అమ్మ చేతిలో కవరుంది."

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినించి?"

"శనివారం నించే. అందరూ నా మీద పడినాక ఇంటికి పోయి ఫోన్లో వెతికి చూసినా. తీసేసినవి నెల రోజులుంటాయి కదా."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు? మిమ్మల్ని అన్ని మాటలన్నారు."

"మీరు చెప్తారనుకుంటి."

"చెప్పకపోతే?"

అచ్యుత్ గోడమీద గడియారం చూశాడు. "అప్పుడు నాలుగింటికి లోపలికి పోయి ఏం చెప్పాలో నాకు తెల్దు. వారం నించి ఇట్లా నిద్ర లేకుండా ఉండా. అబద్ధం చెప్పలేను, మీ పేరు చెప్పలేను. మీరు తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఎంత సంతోషమేసిందో మీకు తెల్దులే."

ఆ మాటకి హెప్సికి ఏడుపొచ్చింది. చేతిరుమాలు కోసం సంచి వెతుకుతుంటే లోపల్నించి పిలుపొచ్చింది.

విచారణ చేసేది ప్రెంటిస్ అని ఒక పెద్దావిడ. ముందు హెప్సి ఫోటో సంగతి తన మీద వేసుకుంది, తీసేయమన్నది నేను, ఎందుకో ఆయనకి చెప్పలేదు, అని. తర్వాత తల్లి మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి కూర్చుంది. సుగుణకుమారి గారు వచ్చేదాకా బెదిరిపోయి, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉన్నారు. కుర్చీలో కూర్చున్నాక నిటారుగా అయ్యారు. ఇచ్చానని చెప్పారు. ఇంట్లో ప్రార్థనలో కూర్చుని తమ బిడ్డ కోసం తల వంచిన మనిషిని ఉత్తచేతులతో పంపే అలవాటు తమకు లేదని చెప్పారు. ఆ చోటు కోసం ఇచ్చారా అని ప్రెంటిస్ గారు అడిగారు.

"చోటు కోసం నేను అడగాల్సినవాణ్ణి ముందే అడిగాను. ఆయన కవర్లు తీసుకోడు," అన్నారు సుగుణకుమారి గారు. "కానీ మీ రూలు ప్రకారం అది తప్పని నాకు తెలియదు. తెలిస్తే చేసేదాన్ని కాదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి, పిల్లకి కాదు."

హెప్సి ఆ చివరి ముక్క ఇంగ్లీషులో చెప్పలేకపోయింది. ఏంజెలినా చెప్పింది. చెప్పి, తన సొంత మాట ఒకటి కలిపింది. మళ్ళీ పరీక్ష పెట్టండి, ఆయన్ని ఎరగనివాళ్ళ చేత పెట్టించండి, అని.

పది రోజులు పోయాక ఉత్తరం వచ్చింది. తమంతట తాము వచ్చి చెప్పిన కుటుంబాల పిల్లలు తొమ్మిది మంది. వేరే ఊళ్ళ కోచ్‌లు వచ్చి కొత్తగా సెలక్షన్ పెడతారు. చోట్లు నాలుగు. మిగతా ఐదుగురికి చోటూ పోతుంది, ఫీజు రాయితీ కూడా పోతుంది.

గ్రూపులో సంగతంతా హెప్సి తనే రాసింది. అచ్యుత్ తప్పు లేదని మొదటి లైన్లోనే రాసింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కొందరు, ఏమైనా కవరు కవరే కదా అన్నారు. అదీ నిజమేనని హెప్సి జవాబు రాసింది. ఆంజనేయప్రసాద్ అంకుల్ మాత్రం అచ్యుత్‌కి ఫోను చేసి, సారీ చెప్పడం చేతకాక, స్టాన్‌మోర్‌లో మంచి వంకాయలు దొరుకుతున్నాయి, తెమ్మంటావా అని అడిగారట.

డిసెంబరు మొదటి శనివారం, మధ్యాహ్నం రెండింటికి సెలక్షన్. ఇంటివాళ్ళని లోపలికి రానివ్వలేదు. జిమ్ము తలుపులు మూసేశారు. బయట వరండాలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు, ఎవరి మొహంలో వాళ్ళు. సుగుణకుమారి గారు ఒక మూల కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. వరండా చూరు మీంచి వాన తాడులా కారుతోంది. లోపల్నించి బంతి చప్పుడు, విజిలు చప్పుడు, మళ్ళీ బంతి చప్పుడు. బుట్టలో పడిందో లేదో తెలియదు. హెప్సి గోళ్ళన్నీ కొరికేసింది.

అచ్యుత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. వంకాయల సంచి చేతిలోనే ఉంది, అంకుల్ ఇప్పుడే దింపి వెళ్ళినట్టున్నారు.

"అప్పుడు చెప్పాలనుకున్న మాట ఇప్పుడు చెప్పచ్చునా?" అని అడిగాడు.

"ఇప్పుడా? లోపల దాని బతుకు తేలుతోంది. నాకేం వినపడదు."

"అందుకే ఇప్పుడు. లోపల ఏం తేలినా నా మాట మారదు. రిజల్టు వచ్చినాక చెప్తే, సంతోషంలోనో జాలితోనో చెప్పినానని మీకు అనుమానం వస్తాది." వంకాయల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "హెప్సి గారూ, మీరంటే నాకిష్టం. ఇంతే. పెళ్ళి చేసుకుందామని అడుగుతాండా."

లోపల విజిలు మోగింది. హెప్సి తలుపు వైపు చూసింది, అతని వైపు చూసింది. నెల రోజులుగా అన్నీ వాయిదా వేస్తూ వచ్చిన పిల్ల. ఇది తేలాక అది, అది తేలాక ఇది. ఇప్పుడు కూడా, ముందు తలుపు తెరుచుకోనీ అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నాకూ ఇష్టమే," అంది. "చాలా రోజుల్నించి. మీకు తెలుసు కూడా, తెలియనట్టు నటించకండి."

అచ్యుత్ నవ్వుదామనుకునేలోపు తలుపు తెరుచుకుంది. ఏంజెలినా బయటికొచ్చింది. మొహమంతా చెమట, ఏమీ తెలియనివ్వని మొహం. తల్లి కళ్ళు తెరవడానికి భయపడుతోంది.

"నాలుగోది నేనే," అంది ఏంజెలినా. "లాస్ట్ నేమ్ చదివేదాకా చచ్చిపోయాననుకున్నా." అని గోడకి ఆనుకుని కిందికి జారి నేలమీద కూర్చుని అప్పుడు ఏడ్చింది, మూడు నెలల చదువుకీ, నెల రోజుల భయానికీ కలిపి ఒకేసారి. పక్కన చోటు పోయిన పిల్ల తల్లి ఒకావిడ ఏడుస్తోంటే, సుగుణకుమారి గారు తన బిడ్డకన్నా ముందు ఆవిడ భుజం పట్టుకున్నారు.

పెళ్ళి సంగతి ఇద్దరూ కలిసి సుగుణకుమారి గారికి చెప్పింది ఆ సాయంత్రం వంకాయ కూర దగ్గర. ఆవిడ అచ్యుత్‌ని ఎగాదిగా చూసి, నీళ్ళు తాగి, ముందు మీ అమ్మగారితో మాట్లాడాలి బాబూ, ఫోను కలుపు అన్నారు. హెప్సికి కొత్త భయం పట్టుకుంది. మతం వేరు, ఊరు వేరు, ఆవిడ ఏమంటుందో. ప్రొద్దుటూరులో రాత్రి భోజనాలైపోయాయి. అచ్యుత్ వాళ్ళమ్మ సులోచన గారు ఫోనెత్తారు.

నమస్కారాలయ్యాయి. తర్వాత సుగుణకుమారి గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "వదిన గారూ, ఈ మధ్య మాకు ఒకటి బాగా తెలిసొచ్చింది, ఏదీ దాచకూడదని. అందుకని అన్నీ ముందే చెప్తున్నాను. మాది చర్చి. మేము ఒక తప్పు చేసి కాలేజీ వాళ్ళ ముందు నిలబడ్డాం. మా పెద్దపిల్లకి పచ్చడి రుబ్బడం రాదు. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడదు. చెవుల పక్కన తాళాలు వాయిస్తుంది."

అమ్మా, అని హెప్సి మూలిగింది. అచ్యుత్ కళ్ళు మూసుకున్నాడు. లైను పోయిందేమోనని ఏంజెలినా తెర మీద వేలు పెట్టబోయింది.

"సరే, మేమూ చెప్తామమ్మా," అన్నారు సులోచన గారు తీరిగ్గా. "మాది దేవళం. దేవుళ్ళ సంగతి వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు, మనకెందుకు. మావాడు గురక పెడతాడు. ఉప్పు తక్కువైతే నోరు తెరిచి చెప్పడు, అన్నం వదిలేస్తాడు. ఇంతవరకూ ఒక్క పెళ్ళికి కూడా టయానికి వచ్చినవాడు కాదు. వాడి పెళ్ళికి వస్తాడని నేను పూచీ పడలేను. ఆ బాధ్యత మీ పిల్లే తీసుకోవాల."

"తీసుకుంటానండీ," అంది హెప్సి, ఎవరూ అడగకముందే.